పప్పు ప్యాకెట్ విప్పి చూపిన పాఠం

‘టాప్ టేస్ట్ దాల్’ అనే పప్పు ఏ కిరాణా కొట్లోనూ దొరకదు. ‘కేర్’ సబ్బు కూడా అంతే. ఎన్‌సీఈఆర్‌టీ 2007లో తెచ్చిన ఏడో తరగతి సామాజిక, రాజకీయ జీవన పాఠ్యపుస్తకం కోసం పుట్టిన సరుకులు ఇవి. ప్రకటనల గురించిన అధ్యాయంలో వీటికి నిజం ప్రకటనల్లాగే బొమ్మలూ ఉన్నాయి, మాటలూ ఉన్నాయి. నవోదయలు సీబీఎస్ఈ బడులు కాబట్టి మన నాగర్‌కర్నూల్ జిల్లాలో వట్టెం నవోదయలో నడిచిన పుస్తకం ఇదే. అమ్రాబాద్ లాంటి అడవి మండలంలోని పిల్లలకు ఇంతకన్నా పనికొచ్చే సాంఘిక శాస్త్ర పాఠం నా కంటికి కనిపించలేదు. దాన్ని అల్లిన తీరు ఎంత మెచ్చుకున్నా తక్కువే.

మొదటి నేర్పు, లేని సరుకును కల్పించుకోవడం. బజారులో ఉన్న బ్రాండును ఎత్తుకుంటే తరగతి వెంటనే రెండుగా చీలుతుంది. మా ఇంట్లో అదే వాడతాం అని ఒకరు, అది మంచిది కాదని ఇంకొకరు. చర్చ సరుకు మీదికి పోతుంది, ప్రకటన పక్కకు జరుగుతుంది. లేని పప్పు మీద ఎవరికీ అభిమానం ఉండదు, కోపమూ ఉండదు. ఇక మిగిలేది దాన్ని అమ్మజూపే పద్ధతి ఒక్కటే. పిల్ల దృష్టి నేరుగా దాని మీదే నిలుస్తుంది.

అలా కల్పించడంలో రచయితలు చూపిన నిజాయితీ ఇంకా గొప్పది. ప్రకటనలను ఎగతాళి చేయాలంటే ఏదో వెర్రి ప్రకటన రాసి నవ్వించవచ్చు. వాళ్లు ఆ పని చేయలేదు. పప్పు ప్రకటనలో అతిథి మర్యాద ఉంది, సబ్బు ప్రకటనలో బిడ్డ మీద తల్లి ప్రేమ ఉంది. రెండూ మనసును తాకే విషయాలే. చూసిన పిల్లకు బాగుందనే అనిపిస్తుంది. అలా అనిపించిన తర్వాతే ప్రశ్నలు మొదలవుతాయి. ఈ బొమ్మ నీకేం చెబుతోంది? ఇది ఎవరి కోసం తీసింది? ఇందులో చోటు దొరకనిది ఎవరికి? కొనే స్తోమత ఉన్నవాళ్లకు దీన్ని చూస్తే ఏమనిపిస్తుంది, లేనివాళ్లకు ఏమనిపిస్తుంది? ప్రకటనలు అబద్ధాలని పుస్తకం తీర్పు చెప్పదు. తన మనసు ఎటు మొగ్గిందో, ఎందుకు మొగ్గిందో పిల్ల తానే వెనక్కి తిరిగి చూసుకుంటుంది.

పప్పును ఎంచుకోవడమూ ఆలోచించి చేసిన పనే. నిన్నమొన్నటి దాకా పప్పు గోనెసంచుల్లో ఉండేది, శేరో కిలోనో తూకం వేయించుకుని తెచ్చుకునేవాళ్లం. కందిపప్పు అంటే కందిపప్పే, దానికి వేరే పేరు లేదు. ఒక కంపెనీ దాన్ని ప్యాకెట్లో పోసి పేరు పెట్టింది. కొన్నాళ్లకు ఇంకో కంపెనీ వచ్చి తనదీ ప్యాకెట్లో పోసి ‘బెస్ట్ టేస్ట్ దాల్’ అంది. పాఠంలో అసలు మలుపు ఇదే. ఇప్పుడు పేరు ఒక్కటే సరిపోదు. లోపల ఉన్నది రెండింట్లోనూ పప్పే కాబట్టి, ఒకదాన్ని కాదని ఇంకొకటి కొనడానికి కారణం పప్పు బయటి నుంచి రావాలి. అతిథి మర్యాద అక్కడ ప్రవేశిస్తుంది. ఎంబీఏ తరగతుల్లో చెప్పే సంగతిని పన్నెండేళ్ల పిల్లకు రెండు ప్యాకెట్లతో తేల్చేశారు.

ఈ సబ్బు కొంటేనే బిడ్డ మీద ప్రేమ ఉన్నట్టు అనే కిటుకు పుస్తకంలోనే ఉండిపోయేది కాదు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల పాటు పోరాడింది ఇలాంటి దాని మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు ఉండాలి. అంతకు ఎన్నో రెట్లు చక్కెర కలిపిన పానీయాలు డబ్బా మీద ఆ మూడక్షరాలు వేసుకుని మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. విరేచనాలతో వాడిపోయిన బిడ్డ కోసం తల్లి పరుగున వెళ్లి కొనేది దాన్నే. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఆ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఆ ఒక్క ఆదేశం కోసం ఒక వైద్యురాలు అన్నేళ్లు గొంతు చించుకోవలసి వచ్చిందంటే, డబ్బా వెనకవైపు చదవడం బడిలోనే నేర్పడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

మళ్లీ అధ్యాయానికి వస్తే, అందులో పశువుల ప్రస్తావన ఒకటి ఉంది. పలువురి పశువులు కలిసి మేసేటప్పుడు ఎవరివి ఏవో తెలియక, యజమానులు కాల్చిన ఇనుముతో తమ గుర్తు వేసుకునేవారట. సరుకులకు బ్రాండ్ పేరు పెట్టే అలవాటును పుస్తకం అక్కడి నుంచి అందుకుంటుంది. మచ్చల ఒంటితో నల్లమలలో మేసే పొడ తూర్పు పశువులది అమ్రాబాద్ ప్రాంతమే. ఇక్కడి పిల్లలకు పుస్తకంలోని ఆ పశువుల ముచ్చట ఢిల్లీ పిల్లలకన్నా తొందరగా అర్థమవుతుంది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మాత్రం చివరి భాగం. ప్యాకెట్ ఖర్చు, ప్రకటన ఖర్చు సరుకు ధరలోనే కలుస్తాయని, ఇంట్లో అప్పడాలూ పచ్చళ్లూ చేసి అమ్ముకునే వాళ్లు ఆ పోటీలో వారపు సంతలకూ ఇరుగుపొరుగు కొట్లకూ పరిమితమవుతారని, ప్రకటనల్లో పేదల ముఖాలు కనిపించక వాళ్ల మీద మనకు గౌరవం తగ్గుతుందని పుస్తకం సూటిగా అంటుంది. అమ్రాబాద్‌లో దీనికి ఉదాహరణ వెతకనక్కర్లేదు. కొండచరియల మీద తాడు కట్టుకుని దిగి తేనె తీసేది చెంచులు. వాళ్ల దగ్గర గిరిజన సహకార సంస్థ కొనే తేనెకు టీవీలో తారలు లేరు. ప్రచారం ఉన్న తేనె సీసాల మీద అడవి ఉంటుంది, పువ్వు ఉంటుంది, చెంచు మనిషి ఉండడు. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను కల్తీని పట్టే ఎన్ఎంఆర్ పద్ధతిలో పరీక్ష చేయిస్తే నెగ్గినవి మూడే. కంపెనీలు ఆ ఫలితాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదం ఎటు తేలినా, సీసా మీది పువ్వు బొమ్మ లోపలి తేనెకు పూచీ కాదన్నది మాత్రం ఖాయం.

పాఠానికి వయసు మీద పడింది, కాదనను. అది టీవీ రోజుల్లో రాసింది. ఇవాళ ఫోన్లో ఓ అక్క నవ్వుతూ చెప్పే క్రీము ముచ్చట ప్రకటనో, సొంత మాటో పిల్లకు తెలియదు. డబ్బు తీసుకుని చెబితే ఆ సంగతి బయటపెట్టాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 మార్గదర్శకాలు అంటున్నాయి. ఇంకా రెండే మిగిలాయి అని తొందరపెట్టడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం వంటి 13 ఆన్‌లైన్ మోసపు పోకడలను అదే సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. ఆ అధ్యాయానికి ఓ నాలుగు పేజీలు కలిపితే ఇవన్నీ అందులో ఇమిడిపోయేవి.

కలపలేదు సరికదా, 2022లో పాఠ్యభారం తగ్గిస్తూ అధ్యాయాన్నే తీసేశారు. ఇది నాకు బాధగానే ఉంది. అయినా ఆ ప్రశ్నలకు పుస్తకం అక్కర్లేదు. అమ్రాబాద్ బడిలో ఏ టీచరైనా బల్ల మీద మూడు సీసాలు పెట్టవచ్చు: గిరిజన సంస్థ తేనె ఒకటి, టీవీలో కనిపించే తేనె ఒకటి, చీటీ లేకుండా ఇంటి నుంచి తెచ్చింది ఒకటి. ధరలు బోర్డు మీద రాయించి, చీటీలు చదివించి, బొమ్మలో ఎవరున్నారో, ఎవరు లేరో చెప్పమనవచ్చు. చివర్న మూడో సీసాకు పిల్లల చేతే ఒక ప్రకటన రాయించాలి. తేనె తీసేవాళ్ల ఇంటి పిల్లలు ఆ తరగతిలో ఉంటే, మొదటి వాక్యం వాళ్లనే చెప్పనివ్వాలి.