పాత పాటలు – ఎవరి జ్ఞాపకాలు?

ప్రతి ఉగాదికీ మన సభలలో పాత సినిమా పాటల కచేరి ఒక ఆనవాయితీ అయినది. ఘంటసాల పాటలు, ‘మాయాబజార్’ పాటలు, ‘శంకరాభరణం’ పాటలు మన పిల్లలు చక్కగా పాడుతున్నారు. పెద్దలు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ కన్నీటిని మేము కించపరచము. కాని అది ఎవరి జ్ఞాపకం వలన వచ్చిన కన్నీరు అని ఒకసారి అడుగుకొనవలసి ఉన్నది.

ఈ ప్రశ్న మాకు మారిషస్‌లో పుట్టలేదు. సౌదీ అరేబియాలోని నజ్రాన్‌లో పుట్టినది. యెమెన్ సరిహద్దున, ఖర్జూరపు తోటల మధ్య ఉన్న ఆ ఊరిలో మేము రెండేళ్ళు ఒప్పందం మీద పాఠాలు చెప్పాము. శుక్రవారం సెలవునాడు తెలుగు పనివారి గదికి వెళ్ళేవాళ్ళం. అన్నం, పప్పుచారు, తరువాత పాత పాటలు.

వారిలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఉండేవాడు, కరెంటు పని చేసేవాడు. ఒక ఘంటసాల పాట సగానికి రాగానే చెయ్యి ఎత్తి అందరినీ ఊరకుండమనేవాడు. కారణం అడిగితే, “ఈడికి రాంగనే మా నాయిన మాట్లాడుతడు సార్” అన్నాడు. అతని తండ్రి కూడా 1980లలో సౌదీలో కూలి చేశాడు. ఉత్తరం వ్రాయడం రాదు. సినిమా పాటల క్యాసెట్టు అంచున ఉండే రంధ్రానికి కాగితం ఉండ కుక్కి, పాట మధ్యలోనే తన గొంతు రికార్డు చేసి, ఊరికి పోయేవారి చేత పంపేవాడట. ఇంటి కప్పు సంగతి, అప్పు సంగతి, పిల్లల చదువు సంగతి, తరువాత మళ్ళీ పాట. ఆ క్యాసెట్టు ఇప్పుడు లేదు. ఫోనులో పాట ఆగకుండా పూర్తిగా వస్తుంది. అతనికి మాత్రం ఆ చోట పాట వినపడదు, తండ్రి గొంతే వినపడుతుంది.

అతడే మమ్మల్ని అడిగాడు: “మీ తాతలు ఏం పాటలు పాడేటోళ్ళు సార్?” మేము ఉత్సాహంగా ‘మాయాబజార్’ పాట ఒకటి అందుకున్నాము. అతడు నవ్వి, “ఇది మా దిక్కు పాటనే గద సార్, నేను మీ చెరుకు తోటల పాట అడిగిన” అన్నాడు. మా వద్ద జవాబు లేదు.

లెక్క చూడండి. మారిషస్‌కు ఒప్పందపు కూలీల వలస 1834లో మొదలై 1910 నాటికి దాదాపు ముగిసినది. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చినది 1932లో. కోరంగి నుంచి, విశాఖ నుంచి, మద్రాసు నుంచి ఓడ ఎక్కిన మన తాతల మూటలో సినిమా పాట ఒక్కటీ లేదు. అది మనకు తరువాత క్యాసెట్ల మీద వచ్చినది. సాయంకాలపు బడిలో ఒత్తులు పలకడం మేము ఘంటసాల గొంతు విని నేర్చుకున్నాము. ఆ ఋణం తీరనిది. అయినా భాష నేర్పిన పాట వేరు, జ్ఞాపకం మోసిన పాట వేరు. ఆ తమ్ముని క్యాసెట్టులో పాట మీద ఒక జీవితం ఎక్కి ఉన్నది. మన కచేరీలో పాట మాత్రమే ఉన్నది.

‘మాయాబజార్’నే తీసుకుందాం. కె.వి. రెడ్డి 1957లో తీసిన ఆ చిత్రానికి 2010లో రంగులు అద్ది మళ్ళీ విడుదల చేశారు. మనం దానిని రంగులతోనో, రంగులు లేకుండానో పూజిస్తున్నాము గాని, అది చెప్పిన మాట వినడం లేదు. పింగళి నాగేంద్రరావు వ్రాసిన ఆ చిత్రంలో శిష్యుడొకడు ‘తసమదీయులు’ అని లేని మాట పలికితే గురువు తప్పు పడతాడు. ఘటోత్కచుడు మాత్రం శిష్యుని పక్షం వహించి, ఎవరో ఒకరు పుట్టిస్తేనే గదా మాటలు పుట్టేది అన్న భావం చెబుతాడు.

మన నాయనమ్మలు చేసినది ఆ పనే. రామభజన రాత్రి దీపం చుట్టూ తిరుగుతూ మా నాయనమ్మ పాడే పాటలో చెరకు ‘కాన్’ అయ్యేది, ఇల్లు ‘లకాజ్’ అయ్యేది. బడిలో శుద్ధమైన తెలుగు నేర్చుకుని వచ్చిన మేము ఆమెను దిద్దాము. రెండు మూడుసార్లు దిద్దిన తరువాత ఆమె మా ఎదుట పాడడం మానివేసినది. ఇంట్లో టేపు రికార్డరు ఉండేది. దానిలో ఘంటసాల పాడుతూ ఉండేవాడు. నజ్రాన్‌లో మేము జవాబు చెప్పలేకపోయినది అందువల్లనే.

మన పొరుగున ఉన్న భోజ్‌పురి స్త్రీలు తమ పెళ్ళి పాటలను విడిచిపెట్టలేదు. వారి ‘గీత్ గవాయ్’ 2016లో యునెస్కో జాబితాకు ఎక్కినది. అవి మేడల పాటలు కావు, పసుపు కలిపేటప్పుడు పాడుకునే పాటలు.

నజ్రాన్‌కు ఉత్తరాన హిమా అనే చోట కొండరాళ్ళ మీద వేల ఏళ్ళుగా బాటసారులు, వేటగాళ్ళు, సైనికులు చెక్కిన బొమ్మలు, వ్రాతలు ఉన్నాయి. 2021లో అవి ప్రపంచ వారసత్వ స్థలమైనాయి. వారిలో ఎందరో నీళ్ళకు ఆగి పోయినవారే, గొప్పవారు కారు. తమ అక్షరాలలో, తమ చేతితో చెక్కి పోయారు. అందుకే నేటికీ అక్కడ ఒక మనిషి ఆగాడని మనకు తెలుస్తున్నది.

సినిమా పాట పాడవద్దని మేము అనడం లేదు. వచ్చే ఉగాదికి సగం సమయమైనా ఇంటి పాటకు ఇవ్వండి. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఫోను ఎదుట పెట్టి పాడమనండి. మధ్యలో దగ్గినా, మరచిపోయినా, క్రియోలు మాట కలిపినా ఆపకండి. దిద్దకండి.