బాణం దేనిని చూపుతున్నది? - వీడియో ఆటలలో దిశాసూచనలు

పైకి విసిరిన బంతి బొమ్మను నల్లబల్లపై గీసి, దానిపై పనిచేసే బలాన్ని బాణపు గుర్తుతో చూపుమని అడిగితే, తరగతిలో చాలామంది విద్యార్థులు బాణాన్ని పైకే గీస్తారు. బంతి పైకి పోతున్నది గదా అని వారి వాదన. కాని చేయి విడిచిన తరువాత, గాలి నిరోధాన్ని లెక్కించకపోతే, బంతిపై పనిచేసేది క్రిందికి లాగే భూమ్యాకర్షణ ఒక్కటే. విద్యార్థికి బాణం గీయడం వచ్చును. ఆ బాణం వేగానిదా, త్వరణానిదా అన్న ప్రశ్న మాత్రం అతనికి తట్టలేదు.

దిశను తెలిపే ఏ గుర్తునైనా మనం అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదే. నేటి విద్యార్థులు ఇట్టి గుర్తులను పాఠ్యపుస్తకాలలో కంటె వీడియో ఆటలలోనే ఎక్కువగా చూస్తున్నారు. కాబట్టి ప్రసిద్ధమైన మూడు ఆటలను ఈ దృష్టితో విమర్శించి చూద్దాం.

ముందుగా, ఆటలో దిశాసూచన ఎందుకు కావలసి వచ్చినది? తెరపై మనకు కనిపించే చలనం నిజానికి ఒకదాని వెంట ఒకటి వచ్చే నిశ్చల చిత్రాల పరంపర. ఒక చిత్రంలో వస్తువు ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది గాని, ఎటు పోతున్నదో తెలియదు. వరుస చిత్రాలను పోల్చితే తెలుస్తుంది. కాని ఒకేసారి నాలుగు వైపుల నుండి ఆపద వస్తున్నప్పుడు అన్నిటినీ పోల్చి చూచుకొనే తీరిక ఆటగానికి ఉండదు. అందుచేత వస్తువు ఆకారంలోనే దిశను తెలిపే గుర్తు ఒకటి ఉంచుతారు.

1980లో జపాను దేశపు నామ్కో సంస్థ విడుదల చేసిన ప్యాక్‌మాన్ ఆటనే తీసుకొందాం. దీనిని రూపొందించినవారు తోరు ఇవతాని. నడవల చిక్కులో ఆటగానిని నాలుగు దయ్యాలు తరుముతాయి. వాటి శరీరం కుడి ఎడమలకు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. కాబట్టి శరీరాన్ని చూచి దిశ చెప్పలేము. ఆ పని కళ్ళు చేస్తాయి. దయ్యం ఎటు పోతే కనుపాపలు అటు తిరుగుతాయి. నడవలలో పోదగిన దిశలు నాలుగే కాబట్టి నాలుగు రకాల చూపులు చాలును. ఇక్కడ కళ్ళు చూపేది వేగదిశ. ఇందులో సందేహానికి తావు లేదు. ఆటగాడు పెద్ద చుక్కను మింగగానే దయ్యాలు నీలిరంగుకు మారి బెదరిపోతాయి. అప్పుడు వాటి ముఖం ఎటు పోయినా ఒకే తీరుగా ఉంటుంది. అనగా తరిమేవాడు మారగానే సూచన కూడ మాయమవుతుంది. ఇది లోపం కాదు, గుణమే. ఇప్పుడు వెదకి పట్టవలసిన శ్రమ ఆటగానిది.

అంతకు ఒక సంవత్సరం ముందు, 1979లో, అమెరికాలోని అటారి సంస్థ ఆస్టరాయిడ్స్ అనే ఆటను తెచ్చినది. ఇందులో రేఖలతో గీసిన చిన్న నౌక అంతరిక్ష శిలల మధ్య తిరుగుతుంది. దానికి మొనదేలిన ముక్కు ఉన్నది. క్రొత్తవాడు నౌక ముక్కు ఉన్న వైపుకే పోతుందనుకొంటాడు. వెంటనే ఒక శిలకు తగిలి దెబ్బతింటాడు. ముక్కు చూపేది వేగదిశ కాదు, యంత్రాన్ని నడిపితే కలిగే త్వరణపు దిశ. వెనుక మంట కనిపిస్తే ఆ త్వరణం ఇప్పుడు పనిచేస్తున్నదని అర్థం. నౌక జడత్వం వలన పాత దిశలో జారుతూనే ఉంటుంది. త్వరగా ఆగవలెనంటే ముక్కును ఎదురు దిశకు త్రిప్పి మంట రాజేయాలి. బంతి లెక్కలో మన విద్యార్థి చేసిన పొరపాటును ఈ ఆట క్షణంలో పట్టి ఇస్తుంది. అయితే ఒక లోపం ఉన్నది. యంత్రం ఆపితే నౌక కొంతసేపటికి తనంతట తానే నిలిచిపోతుంది. బలం లేకపోతే చలనం ఆగుతుందనే పాత భ్రమకు ఇది ఆసరా ఇస్తున్నది. శూన్యంలో అట్లు జరుగదు.

మూడవది 2020లో వచ్చిన ఘోస్ట్ ఆఫ్ సుషిమా. దీనిని రూపొందించినది అమెరికాలోని సకర్ పంచ్ సంస్థ. 1274లో జపాను దీవి సుషిమాపై జరిగిన మంగోలుల దండయాత్ర దీని నేపథ్యం. ఆటగాడు కోరగానే గాలి వీచి, అతను చేరవలసిన చోటి వైపు సాగుతుంది. గడ్డి వంగుతుంది, ఆకులు ఎగిరిపోతాయి. ప్రయోగశాలలో అయస్కాంతం చుట్టూ ఇనుప రజను చల్లినప్పుడు కనిపించే రేఖలు ఇక్కడ జ్ఞాపకం వస్తాయి. ఇనుప రజను రేఖను చూపుతుంది గాని, ఉత్తరం ఏ కొసనో చెప్పదు. అందుకు దిక్సూచి కావాలి. ఈ ఆటలో ఎగిరే ఆకులు దిక్సూచి పని చేస్తాయి. గాలి చూపేది ఆటగాని వేగం కాదు, త్వరణం కాదు. ఇప్పుడున్న చోటి నుండి చేరవలసిన చోటికి గీసిన సరళరేఖ, అనగా స్థానభ్రంశపు దిశ. మధ్యలో కొండ అడ్డమున్నా గాలి దానిని చుట్టి పోదు. దారి వెదకుకొనే పని ఆటగానిదే. ఇది నాకు నచ్చిన గుణం. గమ్యం ఎటున్నదో చెప్పి, ఆలోచనను మనకు విడిచిపెట్టే సూచన ఉత్తమమైనది. అడుగడుగునా చేయి పట్టి నడిపించే సూచన కన్నును పనిచేయనీయదు.

కళ్ళు, ముక్కు, గాలి - ఈ మూడూ దిశనే చూపుతున్నవి. అయినా ఒకటి వేగానిది, ఒకటి త్వరణానిది, ఒకటి స్థానభ్రంశానిది. ఈ భేదం ఎరిగి ఆడేవాడు నల్లబల్లపై బాణం గీసే ముందు కూడ ఒక్క క్షణం ఆగుతాడు. ఉపాధ్యాయులు ఈసారి సదిశరాశుల పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులకు తెలిసిన ఆట నొకదానిని చెప్పుమని, అందులోని గుర్తు దేని దిశను చూపుతున్నదో అడుగుదురు గాక. వారు చెప్పే సమాధానం సరియైనదైతే, పైకి విసిరిన బంతి బొమ్మను మరల ఒకసారి గీయించవచ్చును.