చతుష్పాదంలో లోపించిన పాదం: దీర్ఘరోగుల గృహపరిచర్య – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
దీర్ఘరోగులకు వైద్యాన్ని ఇంటి ముంగిటకు చేర్చాలన్న ప్రయత్నాలు ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలంగా సాగుతున్నాయి. ఈ పథకాలలో వైద్యుడికి, ఔషధానికి, నగదు సహాయానికి చోటు దొరికింది. పరిచర్య మాత్రం కుటుంబానికే మిగిలింది. ప్రాచీన వైద్యశాస్త్రంలోని చతుష్పాద భావన వెలుగులో, శ్రీ సత్యసాయి జిల్లా ఓబులదేవరచెరువు వంటి మెట్ట మండలాలను దృష్టిలో ఉంచుకుని ఈ లోపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: చతుష్పాదం, యాప్యవ్యాధి, గృహపరిచర్య, ఫ్యామిలీ డాక్టర్, ఓబులదేవరచెరువు.

1. ఉపోద్ఘాతం:

రాయలసీమ పల్లెల్లో ఒక మనిషి 'మంచం పట్టినాడు' అంటారు. ఆ మాటలో రోగం పేరు ఉండదు. పక్షవాతమా, మధుమేహం ముదిరి కాలు తీసేశారా, కేన్సరా అన్నది వైద్యుడి ప్రశ్న. వినేవారికి అందేది మరొకటి: ఆ ఇంట్లో ఒకరు కూలికి పోవడం మానుకోవలసి వచ్చింది. ఆ ఒకరు చాలావరకు భార్యో, కోడలో, పెళ్లికాని కూతురో అయి ఉంటారు. ఇదే స్థితిని ప్రభుత్వ పత్రాలు 'మంచానికే పరిమితమైనవారు' అని రాస్తాయి. పల్లె మాటలో ఇల్లంతా కనిపిస్తుంది. పత్రం మాటలో ఒక్క రోగి మాత్రమే కనిపిస్తాడు. పథకాల రూపకల్పనలో ఉన్న పరిమితి ఈ పదబంధంలోనే బయటపడుతోంది.

2. చరకుడి నాలుగు పాదాలు:

చరకసంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయం చికిత్సను నాలుగు పాదాలుగా విభజిస్తుంది. అవి భిషక్కు, ద్రవ్యం, ఉపస్థాత, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు. ఉపస్థాతకు చెప్పిన గుణాలు ఉపచారం తెలిసి ఉండడం, దక్షత, రోగిపట్ల అనురాగం, శుచి. వీటిలో మొదటి రెండూ నేర్చుకుంటే వచ్చేవని గమనించాలి. పరిచర్య ఒక విద్య అని, ఆడవారికి పుట్టుకతో అబ్బే సుగుణం కాదని ఆ విభజనలోనే ఉంది. తర్వాతి కాలపు ఆలోచన అనురాగాన్ని మాత్రం అట్టేపెట్టుకుని మిగిలిన మూడింటినీ మరిచిపోయింది.

అయితే చరకుడిని ఇక్కడ పూర్తిగా వెనకేసుకురావడం కుదరదు. కుమ్మరి లేనిదే మట్టి, కర్ర, చక్రం, దారం కుండ కాలేవని, అలాగే వైద్యుడు లేనిదే మిగిలిన మూడు పాదాలూ పనికిరావని ఆ అధ్యాయమే చెబుతుంది. సాధ్యవ్యాధుల విషయంలో ఈ ఉపమానం చెల్లుతుంది. పదో అధ్యాయంలో అతడే 'యాప్యం' అనే మరో కోవను చెప్పాడు. పూర్తిగా నయం కానివి, పథ్యంతోనూ ఉపచారంతోనూ నెట్టుకురాదగినవి ఈ కోవకు చెందుతాయి. సుశ్రుతుడు యాప్యరోగిని కూలబోతున్న ఇంటితోనూ, తగిన చికిత్సను దానికి ఆనించిన ఊతంతోనూ పోల్చాడు. మట్టి మిద్దెలు చూసినవారికి ఈ పోలిక వివరించనక్కరలేదు. ఊతం నిత్యం ఆనుకుని ఉండాలి. పక్షానికొకసారి వచ్చి పోయేది ఊతం కాదు. యాప్యవ్యాధిలో కుమ్మరి స్థానం ఉపస్థాతకే చెందుతుంది. ఈ అడుగు చరకుడు వేయలేదు. ఆధునిక పథకాలూ వేయలేదు.

3. ఇంటికి వచ్చినవి:

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం 2022 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలై, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో లాంఛనంగా ప్రారంభమైంది. 104 వాహనంతో వైద్యుడు నెలకు రెండుసార్లు గ్రామానికి వస్తాడు. ఉదయం క్లినిక్‌లో చూస్తాడు, మధ్యాహ్నం మంచంలో ఉన్నవారి ఇళ్లకు వెళతాడు. వైద్యుడు పల్లెకు రావడమే అరుదైన చోట ఇది చిన్న మార్పు కాదు. రక్తపోటుకు, మధుమేహానికి ఈ లయ సరిపోతుంది.

పక్షవాతంతో కదలలేని శరీరానికి సరిపోదు. అటువంటి రోగిని సాధారణంగా రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం కమిలి కొద్ది రోజుల్లోనే పడక పుండు పడుతుంది. మూత్రపు గొట్టం శుభ్రంగా లేకపోతే జ్వరం వస్తుంది. మింగలేని మనిషికి పడుకోబెట్టి గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఇవేవీ అరుదైన వైద్య సమస్యలు కావు, ఖరీదైన మందు కోరేవీ కావు. పక్కన ఉన్న మనిషికి ఎవరైనా చేతులతో చేసి చూపిస్తే చాలావరకు నివారించదగినవి. రెండు సందర్శనల నడుమ ఉన్న పదిహేను రోజుల్లో చూపించేవారెవరు?

4. 'నర్సు' అనే మాట కనుమరుగు:

సమాధానం ఆ క్లినిక్‌లోనే ఉండడం ఇక్కడి విచిత్రం. విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో నియమితులైన మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు ప్రధానంగా బి.ఎస్సీ. నర్సింగ్ పట్టభద్రులు. నర్సింగ్ విద్య పల్లెదాకా వచ్చింది, కానీ ఆ పేరుతో రాలేదు. వైద్యుడికీ ఆరోగ్య కార్యకర్తకూ నడిమి మెట్టుగా వచ్చింది. పదవి పేరే ఆమె చూపును వైద్యుడి వైపు తిప్పుతుంది: పరీక్షలు, మందులు, టెలిమెడిసిన్, ఆన్‌లైన్ నమోదు.

ఇది కొత్త పరిణామం కూడా కాదు. 'సహాయక నర్సు, మంత్రసాని' అనే అర్థమున్న ఏఎన్ఎం పదవిని 1973లో కర్తార్ సింగ్ కమిటీ బహుళప్రయోజన మహిళా ఆరోగ్య కార్యకర్తగా మార్చాలని సూచించింది. ఆ తర్వాత ఆమె పని క్రమంగా టీకాలకు, కుటుంబ నియంత్రణకు, గర్భిణుల నమోదుకు కుదించుకుపోయింది. 2005 నాటి జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్త కూడా తల్లీబిడ్డల చుట్టూ రూపొందిన వ్యవస్థే. పల్లె మాత్రం ఇప్పటికీ 'నర్సమ్మ' అనే పిలుస్తుంది. ప్రభుత్వం విడిచిపెట్టిన మాటను జనం అట్టిపెట్టుకున్నారు.

5. పోలికలు:

1859లో లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ తన భార్య చివరి రోజుల్లో సేవ చేసిన నర్సు మేరీ రాబిన్సన్‌ను పేదల ఇళ్లకు పంపాడు. జిల్లా నర్సింగ్ చరిత్రను అక్కడినుంచి మొదలుపెడతారు. ఆ నర్సు రోగికి సేవ చేయడంతోపాటు ఇంటివారికి నేర్పింది కూడా. కేరళ ఇదే పనిని 1993లో కోళికోడ్‌లో మొదలైన ఉపశమన చికిత్సా కేంద్రం నుంచి, ఇరుగుపొరుగు వాలంటీర్ల ద్వారా విస్తరించి, 2008లో రాష్ట్ర విధానంగా మార్చుకుంది.

కేరళను ఆదర్శంగా చూపడం మన సదస్సుల్లో పరిపాటి. కానీ వాలంటీరు తన రోజును దానమివ్వగలిగితేనే ఆ నమూనా నిలబడుతుంది. వేరుశనగ పండని ఏడాది కూలికోసం బెంగళూరు దారి పట్టే మండలంలో రోజును దానమిమ్మని ఎవరిని అడగాలి? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల కర్మాగారం వచ్చినా వలస ఆగలేదు. ఊళ్లో ముసలివారు ముసలివారిని చూసుకుంటున్నారు. దానికి తోడు ఒక కులం ఇంట్లో మరో కులం మనిషి రోగి ఒంటిని తాకడం, మలమూత్రాలు ఎత్తడం దగ్గర సహజంగానే కొన్ని గడపలు అడ్డం వస్తాయి. స్వచ్ఛందసేవ ఈ గడపను దాటించలేదు. జీతం, శిక్షణ, యూనిఫాం కొంతవరకు దాటించగలవు.

అందుచేత పొరుగున ఉన్న తమిళనాడు నమూనా ఇక్కడికి దగ్గర. తెలుగువారు గణనీయంగా ఉన్న కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో 2021 ఆగస్టు 5న మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకంలో స్వయంసహాయక సంఘాల మహిళలతోపాటు ఉపశమన పరిచర్యకు ప్రత్యేకంగా నర్సు, ఫిజియోథెరపిస్టు ఇళ్లకు వెళతారు. మందుల పంపిణీ అంకెలే ఆ పథకానికి ఎక్కువ పేరు తెచ్చినా, నర్సును నర్సు పేరుతోనే ఇంటికి పంపడం దాని అసలు విశేషం. అనంతపురం ప్రాంతంలోనూ బీజం లేకపోలేదు. 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, బత్తలపల్లి వంటి ఆసుపత్రులతోపాటు ఊరి స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దింది.

6. నగదు, పరిచర్య:

2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను అందుతోంది. అంతకుముందు అది 5,000. కోల్పోయిన కూలిని ఈ మొత్తం కొంతవరకు పూడుస్తుంది, దీన్ని తక్కువ చేయరాదు. అయితే డబ్బుతో కొనడానికి పరిచర్య అమ్మేవారు ఉండాలి. బెంగళూరులో ఉన్నారు. ఓబులదేవరచెరువులో పదిహేను వేలు పెట్టినా గొట్టం మార్చడం తెలిసిన చేయి దొరకడం కష్టం. పైగా పింఛను రోగి పేరున వస్తుంది. పగలూ రాత్రీ తిప్పి పడుకోబెట్టే స్త్రీ పేరు ఆ పత్రంలో ఉండదు.

2025 జనవరిలో ఈ పింఛనుదారుల ఇళ్లకు వైద్యబృందాలు వెళ్లాయి. మంచం దాకా వెళ్లి శరీరాన్ని పరీక్షించాయి. అర్హతను నిర్ధారించడానికి రాష్ట్రమంతటా నిపుణులను గడపగడపకూ పంపగల సామర్థ్యం ప్రభుత్వానికి ఉందని ఆ తనిఖీ రుజువు చేసింది. అనర్హులను ఏరడం అవసరమే కావచ్చు. కానీ ఆ బృందాలకు అప్పగించిన పని వైకల్యాన్ని కొలవడం. మంచం పక్కన నిలబడిన మనిషికి పడక పుండు కడిగే తీరు చూపించడం ఆ పనిలో భాగం కాదు.