మేక ఎందుకు ఏడ్చింది? : బాలలకు బౌద్ధం, ‘లిటిల్ బుద్ధ’ చిత్రం

బెర్నార్డో బెర్టొలుచ్చి 1993లో రూపొందించిన ‘లిటిల్ బుద్ధ’ను కేవలం బాలల చిత్రమనలేము. అయినా బాలలకు తథాగతుని పరిచయం చేయదలచినవారు తరచు తలచుకునే చిత్రాలలో అది ఒకటి. సియాటిల్ బాలుడు జెస్సీకి లామా నోర్బు ఇచ్చిన బొమ్మల పుస్తకం నుండి సిద్ధార్థుని కథ విచ్చుకుంటుంది. విట్టోరియో స్టొరారో ఛాయాగ్రహణంలో సియాటిల్ నీలి ఛాయలోను, కపిలవస్తు బంగారు కాంతిలోను కనిపిస్తాయి. ఆ కాంతి కన్నులకు పండుగే. అది ధర్మాన్ని ఎంతవరకు చూపగలిగిందన్నదే విచారించవలసిన విషయం.

చిత్రం మేక కథతో మొదలవుతుంది. భూటాన్ ఆరామంలో లామా బాలభిక్షువులకు దానిని చెబుతాడు. బలికి సిద్ధమైన మేక మొదట నవ్వుతుంది, తరువాత ఏడుస్తుంది. మేక జన్మలు ముగియనున్నందుకు ఆ నవ్వు. ఒకనాడు తానూ ఇలాగే బలులిచ్చిన పురోహితుడు గనుక, ఈ పురోహితునికి రాబోయే గతిని తలచి ఆ ఏడుపు. పురోహితుడు పశ్చాత్తాపపడి కత్తి దించుతాడు. చిత్రంలో కథ అక్కడ ఆగుతుంది.

దీనికి మూలమైన మతకభత్త జాతకం (18వది) అక్కడ ఆగదు. ప్రాణం కాపాడుతానన్న బ్రాహ్మణునితో, నీ రక్షణ స్వల్పం, నా పాపఫలం బలీయం అంటుంది మేక. కాపలా ఉండగానే, బండ దగ్గరి పొదను మేయబోయి మెడ చాచినప్పుడు పిడుగు పడుతుంది. ఎగిరిన రాతిచెక్క దాని తలను ఖండిస్తుంది. ఈ ముగింపును విడిచిపెట్టడం చిన్న మార్పు కాదు. అహింస మిగిలింది, కర్మఫలం జారిపోయింది. పిల్లలు భయపడతారని అలా చేశారనుకోవచ్చు. అయితే శతాబ్దాలుగా ఈ జాతకాన్ని విన్నవారిలో పిల్లలూ ఉన్నారు కదా!

మధ్యమ మార్గ ఘట్టంలో మరొక లోపం ఉంది. పడవలో సాగిపోతున్న సంగీత గురువు తంతిని గూర్చి చెప్పిన మాట తపస్వి చెవిన పడుతుంది, మలుపు అదే. వీణ ఉపమానం పాళీ వాఙ్మయంలో బోధి తరువాతిది, బుద్ధుడు సోణునికి చెప్పినది. బోధికి ముందు దారి చూపినది వేరొకటి అని మహాసచ్చక సుత్తం చెబుతుంది: తండ్రి పనిలో ఉండగా నేరేడు చెట్టు నీడలో కూర్చున్న బాలుని ప్రశాంతత, ఆ బాల్యస్మృతి. బాలలకు చూపవలసిన ఘట్టమంటూ ఒకటుంటే అది ఇదే. దాని చోటును తంతి ఆక్రమించింది.

హౌరా వైపు రైలుపట్టాల పక్కనున్న టికియాపారా వంటి చోట ఈ చిత్రాన్ని ప్రదర్శించదలచినవారు రెండు గంటలకు మించిన ఆంగ్ల చిత్రాన్ని సాంతం చూపనక్కరలేదు. మేక కథ చాలు. హుగ్లీ ఆవల కాళీఘాట్‌లో నేటికీ మేకబలి ఉంది గనుక ఆ పిల్లలకు అది దూరదేశపు కథ కాబోదు. భిన్న మతాల కుటుంబాలు ఇరుగుపొరుగుగా ఉన్నచోట అది ఎవరి ఆచారానికో నిందగా వినిపించకుండా చూడాలి. జాతకంలో మేక బ్రాహ్మణుని ద్వేషించదు, అతని కోసమే కన్నీరు పెడుతుంది. చెప్పేవారు ఈ ఒక్క విషయం తప్పితే కథంతా తప్పినట్టే.

ఆపై పిల్లలను నది దాటించి ఇండియన్ మ్యూజియమ్‌కు తీసుకువెళ్లవచ్చు. మెకంజీ కాలంలో కలకత్తా చేరిన అమరావతి ఫలకాలు కొన్ని అక్కడే ఉన్నాయి. వాటికంటె ముందు చూపవలసినది 1873లో కన్నింగ్‌హామ్ వెలికితీసిన భర్హుత్ వేదికపై మిగ జాతక పతకం. ఒకే వలయంలో మూడు ఘట్టాలు: మునిగిపోతున్న మనిషిని వీపున మోస్తున్న జింక, విల్లు ఎక్కుపెట్టిన రాజు, అదే జింక ఎదుట చేతులు జోడించిన అదే రాజు. వెనుక సంగీతం లేదు, బంగారు కాంతి లేదు. ఏది ముందు జరిగిందో, ఏది తరువాతో శిల్పి వరుస పెట్టి చెప్పలేదు. అది పోల్చుకునేంతవరకు పిల్లలను అక్కడ నిలబడనివ్వాలి.