నొక్కితే కోయని రంపం

శామీర్‌పేట చెరువు దాటి గుట్టల దిక్కు నడిస్తే, బండల్లో గాజుముక్కల్లా తళుక్కుమనే తెల్లటి పలుకులు కనిపిస్తాయి. అదే పలుగురాయి. 1880లో జాక్, పియర్ క్యూరీ సోదరులు ఇలాంటి స్ఫటికాన్ని ఒత్తితే విద్యుత్తు పుడుతుందని చూపారు. విద్యుత్తు ఇస్తే స్ఫటికమే సాగి, ముడుచుకుంటుందని మరుసటి ఏడాది తేల్చారు. నేడు దవడ ఎముకను కోసే పియెజో పరికరానికి ఈ రెండో గుణమే ప్రాణం. కాకపోతే దాని పిడిలో రాయికి బదులు అదే గుణమున్న పింగాణీ బిళ్లలుంటాయి.

దవడ ఎముక కోతకు మొదట ఉలి, సుత్తి ఉండేవి. తర్వాత గిర్రున తిరిగే బర్ వచ్చింది. వేగంలో దానికి సాటి లేదు. అయితే ఎముకేదో, నరమేదో దానికి పట్టదు. కింది దవడలో జ్ఞానదంతం వేళ్లకు దగ్గరగా, ఎముక గొట్టంలో ఒక నరం సాగుతుంది. పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చేది అదే. అది దెబ్బతింటే పెదవి మొద్దుబారుతుంది. అన్నం మెతుకు అంటుకున్నా తెలియదు. కొందరికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి తగ్గనే తగ్గదు.

పళ్ల గార తీయడానికి 1950ల నుంచే వాడుతున్న అల్ట్రాసోనిక్ కంపనాన్ని ఎముక కోతకు మలిచి, ప్రచారంలోకి తెచ్చినవారు ఇటలీ వైద్యుడు తొమాసో వెర్చెల్లొత్తి. పియెజో పరికరం మొన సెకనుకు దాదాపు 25,000 నుంచి 30,000 సార్లు ఆడుతుంది. ఆ కదలిక మిల్లీమీటరులో అయిదో వంతుకు మించదు. బిరుసైన ఎముక ఆ దెబ్బలకు పొడిపొడిగా రాలుతుంది. మెత్తటి నరం, రక్తనాళం మొనతోపాటే ఊగి తప్పించుకుంటాయి. వాటిని కోయాలంటే కంపనాలు 50,000 దాటాలి.

ఇది నేర్పడానికి కోడిగుడ్డు కన్నా మంచి పాఠం లేదు. పెంకును కిటికీలా కోసి తీయాలి, లోపలి పొర చిరగకూడదు. పై దవడలో ఇంప్లాంటుకు ఎముక చాలనప్పుడు సైనస్ పక్క గోడలో చేసేది అచ్చం ఈ పనే. అక్కడి పొర కూడా ఉల్లిపొరంత పల్చన.

అసలు విద్య చేతిలో ఉంది. బర్‌కు అలవాటుపడిన చేయి, తెగడం లేదనిపిస్తే నొక్కుతుంది. పియెజోను నొక్కితే కంపనం అణగిపోతుంది, కోత ఆగుతుంది, వేడి పుడుతుంది. ఎముక 47 డిగ్రీల వేడిలో నిమిషం పాటు ఉన్నా దెబ్బతింటుంది. అందుకే సెలైన్ ధార పోస్తూ, మొనను తేలిగ్గా ముందుకూ వెనక్కూ ఆడిస్తూనే ఉండాలి. ఆ నీరు నెత్తుటిని కడిగేస్తుంది కాబట్టి కోసే చోటు తేటగా కనిపిస్తుంది. నొక్కే అలవాటును మాన్పించడమే ఈ శిక్షణలో సగం అని నా నమ్మకం.

పని నెమ్మది, పరికరం ఖరీదు. నరానికి దూరంగా ఉన్న పన్నుకు బర్ చాలు. వేడెక్కిన మొనను నరం మీద అదిమితే పియెజో కూడా హాని చేస్తుంది. కానీ ఎక్స్‌రేలో పంటి వేరు నరాన్ని తాకుతున్నట్టు కనిపిస్తే, ఇంకో అరగంట ఎక్కువ పట్టినా నేను దీన్నే కోరుకుంటాను. వాపు కూడా తక్కువే.

శామీర్‌పేట ఉన్న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, సూరారంలో దంత వైద్య కళాశాలలున్నాయి. అలాంటి చోట పీజీ చేసే ప్రతి చేయీ రోగి దవడను ముట్టకముందే పది గుడ్లైనా కోసి ఉండాలి. మత్తు దిగాక రోగిని అడిగే మొదటి మాట ఒకటే ఉంటుంది: “అమ్మా, కింది పెదవి ముట్టుకుంటే తెలుస్తోందా?”