చివికిన బండిలో మిగిలిన చేవ

ఊరు విడిచి దూరప్రయాణము చేయువాడు తన యింటిలో కొంత భాగమును వెంటబెట్టుకొని పోగోరుట సహజము. పాశ్చాత్య దేశములవారు ఆ కోరికతోనే మోటారువాహనములలో పడకను, పొయ్యిని, అలమారను అమర్చుకొనిరి. మన చిత్తూరు సీమవారు మోటార్లను ఎఱుగని కాలముననే ఎద్దులబండిపై వెదురుబద్దలను వంచి, వానిపై చాపను బిగించి, అడుగున వరిగడ్డి మందముగా పఱచి, దానిపై జంపఖానా వేసి గూడుబండిని కట్టుకొనిరి. తిరుమలకు 1944లో మొదటి కనుమదారి యేర్పడుటకు పూర్వము కొండ యెక్కవచ్చిన పల్లెకుటుంబములకును, గంగజాతరకు తిరుపతికిని, శివరాత్రికి శ్రీకాళహస్తికిని, 1960 వఱకు మన జిల్లాలోనిదేయైన తిరుత్తణికి ఆడికృత్తికనాటికిని బయలుదేరినవారికిని ఆ బండియే పగలు వాహనము, రాత్రి నివాసము.

అట్టి గూడుబండి యొకటి, మా పెద్దలనాటిది, చంద్రగిరికి సమీపమున మా బంధువుల పసులకొట్టములో చిరకాలముగా నిలిచియుండెను. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చిన పిమ్మట దాని నెవ్వరును కదల్పలేదు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తి, స్వర్ణముఖిని గట్లు దాటించి, కనుమదారులపై కొండచఱియలను విఱుగబడవేసిన వానలు ఆ కొట్టము కప్పును గూడ చీల్చి, బండి గూటిని తడిపి, పలకలపై నిలిచి, చక్రముల అడుగుభాగములను దినముల తరబడి బురదలో నుంచినవి. నేను చూచునప్పటికి పలకలు పైకి చక్కగనే యుండెను గాని, బొటనవ్రేలితో నొక్కినచోటనెల్ల లోనికి దిగినవి. వంటచెఱకుగా నమ్మివేయుడని పలువురు చెప్పిరి. బాగుచేయింపవలెనని నేను నిశ్చయించుకొంటిని. ఆ పని నేర్పిన విషయములను పాఠకులతో చెప్పుకొనుటయే ఈ వారము నా యుద్దేశము.

కొయ్య తడిసినంతమాత్రమున చెడదు. తడిసి ఆఱకుండుటచేత చెడును. దానిని తినునది నీరు గాదు, నీటి నాశ్రయించి బ్రతుకు శిలీంధ్రము. కొయ్యలోని తేమ దాని పొడిబరువులో నూటికి 20 పాళ్ళకు లోబడియున్నంతకాలము శిలీంధ్రము వృద్ధిపొందజాలదు. తేమ 30 పాళ్ళకు చేరి, గాలి యాడక, మన కార్తికమాసపు నులివెచ్చదనము తోడైనచో, అది కంటికి గానరాని తంతువులను వ్యాపింపజేసి, కొయ్యకు బలమిచ్చు పదార్థమును హరించివేయును. మిగిలినది గోధుమవన్నె పెచ్చులుగా పగిలి చేతిలో పొడియగును. పలక ముఖముకంటె దాని కోతకొన ఎన్నోరెట్లు వేగముగ నీటిని పీల్చును. చెట్టు బ్రతికియున్నపుడు నీటిని పైకి కొనిపోయిన నాళములే ఆ కొనయందు నోళ్ళు తెఱచుకొనియుండును. కావుననే బండియైనను, తలుపైనను, దూలమైనను మొదట అతుకులకడను, కొనలకడను, మేకుల చుట్టును చివుకును. అందును వెలుపలి తెల్లచెక్క ముందుగా పోవును. నడిమి చేవ చిరకాలము నిలుచును.

మాకు దొరికిన ఆచారి వృద్ధుడు, తండ్రివద్ద బండిపని నేర్చినవాడు. ఆయన వచ్చినవాడు పలకలవైపైనను చూడక, ముందుగా కొట్టము కప్పును, పిదప గూటి బద్దలను పరిశీలించుచుండెను. "ఆచారీ, ఏ పలకలు మార్చవలెను?" అని నేనడుగగా, "పలకల సంగతి మళ్ళ చూద్దాం సామీ. నీళ్ళు యాడ నుంచి దిగతాండాయో కనుక్కోకుండా కొత్త చెక్క యేస్తే, దాన్ని గూడా చివికేదానికి ఇచ్చినట్టే గదా" అనెను. ఆ మాట యీ విద్యకంతటికిని మూలసూత్రము. గూటిపై చెంబుతో నీరు పోసి చూడగా, అది పడినచోట దిగక, వెదురుబద్ద వెంబడి జాఱి, బద్దను దిగగొట్టిన పక్కకొయ్య బెజ్జములో చేరి, అక్కడినుండి మూరెడు దూరమున పలక యడుగున మఱకగా కనబడినది. మఱక యున్నచోట పలకను మార్చియున్నచో వ్యాధి యథాస్థానముననే యుండెడిది.

ఆ పిమ్మట ఆయన ఉలిపిడితో ప్రతి కొయ్యను తట్టి, ధ్వని మందగించినచోట సన్నని ఇనుపమొనతో పొడిచి, చివికిన మేరను సుద్దతో గుర్తించెను. కోయునపుడు చివికిన భాగముతోబాటు దాని కావల జానెడు గట్టిచెక్కను గూడ తీసివేయవలెను, తంతువులు అంతదూరము ప్రాకియుండవచ్చును గనుక. కాని చివికినదాని పక్కనున్నదను నెపమున గట్టి పలకనెల్ల పెఱికివేయరాదు. మిగిలిన కొయ్యను నీడలో, గాలి పాఱునట్లు ఎత్తుగా నిలిపి, పూర్తిగా ఆఱనిచ్చి, వెలిగారమును బోరికామ్లమును వేడినీట కరగించి కోతకొనలకు పట్టించితిమి. కొత్త ముక్కను మొనకు మొన యానించినచో అతుకు నిలువదు. అంగుళము మందమునకు ఎనిమిదంగుళముల వాలు చొప్పున రెంటిని ఏటవాలుగా చిత్రికపట్టి కలిపినపుడే పాతకొయ్య బరువును కొత్తకొయ్యకు అప్పగింపగలదు. చివికిన గుంటలో పుట్టీ నింపి, పైన రంగు పూయుట నేడు అంతటను చూచుచున్నాము. అది లోని తేమను బయటికి పోనీయక శిలీంధ్రమునకు ఆశ్రయము కల్పించుటయే.

చక్రముల పని మఱింత సూక్ష్మమైనది. నడిమి కుంభము, దానినుండి వెలువడు ఆకులు, అంచున చుట్టును కూర్చిన పూటీలు అను మూడింటిలో నేలకానియున్న పూటీలు మాత్రమే చివికినవి; నల్లతుమ్మ చేవతో చేసిన కుంభము చెక్కుచెదరలేదు. పూటీలను కొత్తగా చెక్కి కూర్చినపిదప ఇనుపపట్టాను పిడకలమంటలో ఎఱ్ఱగా కాల్చిరి. ఐదడుగుల చక్రమునకు కట్టు పట్టా దాదాపు పదునారడుగుల పొడవుండును; ఎఱ్ఱని వేడిమిలో అది అంగుళమునకు పైగా సాగును. ఆ స్థితిలో పట్టకారులతో దానిని చక్రముపైకి దింపి, కొయ్య అంటుకొనకమునుపే నీరు చల్లగా, ఇనుము ముడుచుకొని పూటీలను ఆకులలోనికి, ఆకులను కుంభములోనికి నొక్కి బంధించును. బండిని పాడుచేసిన నీరే యిచట దానిని బిగించుటకును సాధనమైనది. ఆ చక్రములో జిగురు లేదు, మేకు లేదు. పూర్వుల కొలత యొక్కటే దానిని నిలుపుచున్నది.

ఈ శాస్త్రము మా బండికే పరిమితము గాదు. తిరుచానూరు పద్మావతీ అమ్మవారి బ్రహ్మోత్సవములు కార్తికమున, అనగా ఈశాన్య ఋతుపవనముల నడుమ జరుగును. ఎనిమిదవనాటి రథోత్సవమున కొయ్యతేరు వీథికి వచ్చునది ఆ తడికాలముననే. వాహనము ప్రాతదైనంతమాత్రమున నిరుపయోగము గాదనుటకు మన రాష్ట్రచరిత్రయే సాక్షి: నందమూరి తారకరామారావు 1982లో తెలుగుదేశము నంతయు తిరిగి, అందే విశ్రమించి, 1983 ఎన్నికలలో తిరుపతినుండియు గెలుచుటకు తోడ్పడిన చైతన్యరథము 1940 నాటి షెవ్రొలే వ్యానునుండి మలచినదే. ప్రాతదానిని నిలుపునది రంగు గాదు, దానియందు మిగిలిన సారమును గుర్తింపగల కన్ను.

ఆ కన్ను మన సీమలో అరుదగుచున్నదని నా బాధ. శ్రీకాళహస్తి దరి మాధవమాలలో కొయ్యకు ప్రాణము పోయు శిల్పులున్నారు. తిరుపతిలో దేవస్థానమువారి శిల్పశిక్షణసంస్థ దారుశిల్పమును నేర్పుచున్నది. కొత్త విగ్రహమును చెక్కుటతోబాటు ప్రాతకొయ్యను పరీక్షించుట, చివుకును కోయుట, అతుకు వేయుట అనువానిని గూడ యువకులకు క్రమముగా బోధించినచో, ఊరూర కొట్టములలోను, మండపములలోను నానుచున్న బండ్లు, తేర్లు, పల్లకీలు రక్షింపబడును. బండిపని యెఱిగిన వృద్ధులు ఇంకను కొన్ని పల్లెలలో నున్నారు. వారిని గురువులుగా పిలుచుటకు ఇదియే సమయము.

పాఠకులకు నా మనవి యిది. మీ యింట ప్రాతబండి గాని, పెట్టె గాని, వాకిలి గాని యున్నచో ఆశ్వయుజపు వానలు రాకముందే దానిని నేలనుండి ఇటుకలపై కెత్తుడు, గాలి తగులనిండు, కొనలకు అవిసెనూనె పట్టింపుడు, నీరు ఎచటినుండి దిగుచున్నదో కనుగొని ఆ దారిని మూయుడు. పలకల మాట ఆ తరువాత చూచుకొనవచ్చును.