రాజా దీన్‌దయాళ్ ఛాయాచిత్రాల్లో రక్షణభావన: ప్రకృతి, కుటుంబం, సమాజం

వ్యాససంగ్రహం:
ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ చిత్రాలను చరిత్రకారులు రాజదర్బారు వైభవానికి ఆధారాలుగా ఎక్కువగా ఉపయోగించుకొన్నారు. ఆ చిత్రాల్లో ఎవరు ఎవరిని రక్షిస్తున్నట్టు కనబడుతున్నారు, నిజంగా కాపాడినవారు ఎక్కడ ఉన్నారు అనే ప్రశ్నలకు తగిన ప్రాధాన్యం లభించలేదు. 1902 నాటి నెక్కొండ పులివేట చిత్రం, 1892లో హైదరాబాదులో ఏర్పడిన జెనానా స్టూడియో, 1899-1900 నాటి ఔరంగాబాదు కరువు చిత్రాలు అనే మూడు సందర్భాల ఆధారంగా రక్షణభావనను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఛాయాచిత్రం, రక్షణ, కాపు, దీన్‌దయాళ్, జెనానా, కరువు, వేట, చెంచులు.

1. ప్రవేశిక

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ ఛాయాగ్రహణం అభ్యసించాడు. 1880ల మధ్యలో హైదరాబాదు సంస్థానానికి వచ్చి ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. నిజాం అతనికి 'రాజా ముసవ్విర్ జంగ్' బిరుదునిచ్చాడు. 1905లో మరణించేవరకు అతని స్టూడియో రాజులను, వైస్రాయిలను, కోటలను, సైనిక విన్యాసాలను, విందులను వేల గాజుపలకలపై నిక్షిప్తం చేసింది. వాటిలో పెద్ద భాగం నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉంది.

హైదరాబాదు చరిత్రను గురించిన తెలుగు పుస్తకాల్లో ఈ చిత్రాలు సాధారణంగా అలంకారప్రాయంగా కనిపిస్తాయి. చిత్రం కింద రాజు పేరు, సంవత్సరం ఉంటాయి. విశ్లేషణ అంతటితో ఆగిపోతుంది. సాహిత్యకృతికి వర్తింపజేసే ప్రశ్నలను, అంటే వక్త ఎవరు, శ్రోత ఎవరు, మౌనంగా మిగిలినవారు ఎవరు అనే ప్రశ్నలను ఛాయాచిత్రానికీ వర్తింపజేయవలసి ఉంది.

2. 'రక్షణ', 'కాపు': రెండు మాటల దూరం

తెలుగులో రక్షణను సూచించే మాటలు రెండు పాయలుగా ప్రవహిస్తున్నాయి. సంస్కృతసమమైన 'రక్షణ' పాలనాభాషలో స్థిరపడింది. రక్షకభటుడు, రక్షిత అరణ్యం, రక్షణశాఖ వంటి ప్రయోగాల్లో రక్షించేవాడు పైన, రక్షణ పొందేది కింద ఉంటాయి. ఇదే మాట ఇంట్లోకి వచ్చేసరికి పసిపిల్లల మెడలో 'రక్షరేకు'గా మారుతుంది. అక్కడ అధికారం లేదు, తల్లి భయం ఉంది.

దేశ్యమైన 'కాచు' ధాతువు స్వభావం వేరు. పొలం కాయడం, పశువులను కాయడం, పసిబిడ్డను కాచుకోవడం అనే వాడుకల్లో కాలం ప్రధానం. రాత్రంతా మంచె మీద మేలుకొని ఉండటమే కావలి. అయితే ఇదే ధాతువుకు ఎదురుచూడటం, పొంచి ఉండటం అనే అర్థాలు కూడా ఉన్నాయి. పైరును కాచే రైతు, దారి కాచే దొంగ, పులికోసం కాచుకొని కూర్చొనే వేటగాడు ముగ్గురూ ఒకే క్రియకు కర్తలు. చూపు ఒక్కటే, ఉద్దేశం వేరు. ఛాయాగ్రహణం కూడా చూపుతో, వేచి ఉండటంతో ముడిపడిన పని కనుక ఈ అర్థద్వయం దాని విశ్లేషణకు చక్కగా ఉపకరిస్తుంది.

3. ప్రకృతి: నెక్కొండ అడవిలో పులి

1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు నిజాం రాజ్యంలో వేటకు వచ్చాడు. వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ సమీపంలో చంపిన పులితో కర్జన్ దంపతులు ఉన్న చిత్రం దీన్‌దయాళ్ స్టూడియో కృతుల్లో ప్రసిద్ధమైనది. పులి నేలపై పడి ఉంది. దంపతులు దాని చెంత స్థిమితంగా నిలిచి ఉన్నారు. ప్రమాదం ముగిసిన తరువాతి క్షణమిది. పెద్ద పులిని చంపినవాడు ప్రజలను కాపాడినవాడన్న భావన సంస్థానాల వేటసంస్కృతికి నైతికమైన ముసుగుగా ఉండేది. చిత్రంలోని ప్రశాంతత ఆ భావనను బలపరుస్తుంది.

చట్రంలో కానరానివారిని గురించి ఆలోచిస్తే చిత్రం మరో విధంగా అర్థమవుతుంది. అటువంటి వేటల్లో పులి జాడ తీసేవారు, డప్పులతో కేకలతో దానిని తుపాకీ వైపు తరిమేవారు స్థానిక గ్రామీణులే. అధికారుల పర్యటనలకు, వేటలకు వెట్టిచాకిరీ చేయించుకోవడం తెలంగాణ సామాజిక చరిత్రలో తెలిసిన విషయమే. అపాయానికి అందరికంటే దగ్గరగా నడిచినవారికి 'రక్షకుని' చిత్రంలో స్థానం లేదు.

ఇందులో మరొక వైరుధ్యం ఉంది. ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం 1904లో వచ్చింది ఈ కర్జన్ హయాంలోనే. అస్సాంలోని కాజీరంగాలో ఖడ్గమృగాల కోసం అడవిని ప్రత్యేకించే ప్రయత్నానికి లేడీ కర్జన్ చొరవే కారణమన్న కథనం ప్రచారంలో ఉంది. చంపిన పులి పక్కన నిలబడటం, అంతరించిపోతున్న జంతువుకోసం అడవిని ప్రత్యేకించడం ఆ కాలపు పాలకుల దృష్టిలో పరస్పర విరుద్ధాలు కావు. రెండింటికీ మూలం ఒక్కటే: దేనిని చంపాలో, దేనిని ఉంచాలో నిర్ణయించే హక్కు తమదేనన్న విశ్వాసం. అడవితో తరతరాలుగా కలిసి బతికినవారికి ఆ నిర్ణయంలో పాత్ర లేదు.

4. కుటుంబం: గోడల మధ్య కెమెరా

1892లో దీన్‌దయాళ్ హైదరాబాదులో జెనానా స్టూడియోను నెలకొల్పాడు. ఘోషా పాటించే స్త్రీలకోసం ఎత్తైన గోడల మధ్య దీనిని ఏర్పాటు చేశాడు. నిర్వహణ బాధ్యతను కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లేయ వనితకు అప్పగించాడు. పురుషుని కంటపడకుండా స్త్రీ తన చిత్రం తీయించుకొనే వీలు అక్కడ ఏర్పడింది.

ఈ ఏర్పాటును సంప్రదాయానికి లొంగుబాటుగా చూసే అవకాశం ఉంది. ఘోషాను ప్రశ్నించకుండా దానికి తగిన వ్యాపారాన్ని రూపొందించినట్టు కనబడుతుంది. ఈ విమర్శలో సత్యం ఉన్నా అది పూర్తి సత్యం కాదు. గోడ అదే గోడ. అంతఃపురంలో అది స్త్రీ కదలికను ఆపుతుంది. స్టూడియోలో అదే గోడ ఆమెకు ఒక కొత్త అనుభవాన్ని సాధ్యం చేస్తుంది. తన రూపాన్ని తాను దూరం నుంచి చూసుకోవడం, ఏ నగ ధరించాలో ఎలా కూర్చోవాలో మరొక స్త్రీ సమక్షంలో నిర్ణయించుకోవడం ఆ అనుభవంలో భాగాలు. రక్షణ బంధనమా, ఆలంబనమా అన్నది గోడను చూసి తేల్చదగినది కాదు. ఆ గోడ తలుపు ఎవరి చేతిలో ఉందన్నది అసలు ప్రశ్న.

ఛాయాచిత్రం కాగితం మీదికి వచ్చాక మరో సమస్య తలెత్తుతుంది. స్త్రీ గోడ లోపలే ఉన్నా ఆమె ప్రతిబింబం చేతులు మారగలదు. ఘోషాలో తీసిన చిత్రాన్ని నూరేళ్ల తరువాత ప్రదర్శనలోనో పుస్తకంలోనో చూపేటప్పుడు ఆ స్త్రీ కోరుకొన్న రక్షణను కొనసాగించవలసిన బాధ్యత పరిశోధకునిపై పడుతుంది. ఆమె మరణంతో ఆ నియమం రద్దయిపోయిందనుకోవడం తొందరపాటు.

5. సమాజం: ఆకలి ముందు కెమెరా

1899-1900లో దక్కను కరువు బారిన పడింది. నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు ప్రాంతంలో కరువు బాధితులను, సహాయ చర్యలను దీన్‌దయాళ్ స్టూడియో చిత్రించింది. ఎముకలు తేలిన మనుషులు కెమెరా ముందు వరుసగా కనిపిస్తారు. దర్బారు చిత్రాల్లోని క్రమశిక్షణే ఇక్కడా ఉంది. అక్కడ హోదాను బట్టి వరుస, ఇక్కడ కృశించిన తీరును బట్టి వర్గీకరణ. బాధితునికి పేరు లేదు, ఊరు లేదు. అతను ఒక 'నమూనా'.

దీనికి పూర్వరంగం తెలుగునేల మీదే ఉంది. 1876-78 నాటి మహాక్షామం బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలను అతలాకుతలం చేసింది. తెలుగువారి నోట అది 'ధాత కరువు'గా నిలిచింది. మద్రాసు రాజధానిలోని ఆ కరువు బాధితులను విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి గుంపులుగా కూర్చోబెట్టి చిత్రించాడు. ఆ చిత్రాలు లోకానికి కరువు తీవ్రతను తెలియజేశాయి. చావు అంచున ఉన్నవారిని చిత్రం కోసం కూర్చోబెట్టడం ఏమి న్యాయమన్న విమర్శనూ తెచ్చిపెట్టాయి. తరువాత 1886లో బర్మాలో మరణశిక్షల అమలును ఛాయాచిత్రాలు తీసినందుకు ఇదే హూపర్ అధికారికంగా మందలింపు పొందాడు.

హూపర్ చిత్రాల్లో ఆకలి ఉంది, అన్నం లేదు. దీన్‌దయాళ్ స్టూడియో చిత్రాల్లో సహాయం కూడా ఉంది. ఈ భేదం గమనింపదగినది. కాని సహాయం చేరగానే చిత్రంలోని కథానాయకుడు మారిపోతాడు. ఆకలిగొన్నవాడు వెనక్కి జరిగి, ఆదుకొన్న ప్రభుత్వం ముందుకు వస్తుంది. బాధితుని దేహం ప్రభువు దయకు సాక్ష్యపత్రమవుతుంది. నేటికీ వరద సహాయమైనా బియ్యం పంపిణీ అయినా పుచ్చుకొనే చేయి, ఇచ్చే చేయి ఒకే చట్రంలో కనబడేలా చిత్రం తీయడం పరిపాటి. సహాయం పొందినవారు కెమెరా వైపు చూడక తప్పని ఆ క్షణానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

6. చట్రానికి వెలుపల

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది మరణించారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టును పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని ప్రసిద్ధి. వరద తరువాతి శిథిలాలకు ఛాయాచిత్రాలున్నాయి. ఆ మనుషులు చెట్టును కరచుకొని గడిపిన గంటలు మాత్రం జ్ఞాపకంలోనే మిగిలాయి. మనిషి ప్రకృతిని రక్షిస్తాడన్న వాక్యాన్ని ఈ చెట్టు తిరగరాస్తుంది. ఇక్కడ కర్త చెట్టు, కర్మ మనిషి. నిజమైన కాపుదల చాలావరకు ఇలాగే చిత్రానికి అందదు. చిత్రం క్షణానికి చెందినది, కాపు కాలానికి చెందినది.

కెమెరా చూపు మాత్రం మారకపోలేదు. 1920లలోనే ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి ఉత్తర భారత అడవుల్లో తీగ తగలగానే పనిచేసే కెమెరాతో సజీవమైన పులులను చిత్రించాడు. నేడు నల్లమలలో, 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిలోనూ, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు ఏర్పడిన అమ్రాబాద్‌లోనూ, కెమెరా ట్రాపులు పులుల చారలను బట్టి ఒక్కొక్క పులిని గుర్తిస్తున్నాయి. పులి పక్కన తుపాకీ లేదు, విజేత లేడు. నెక్కొండ చిత్రంతో పోల్చితే ఇది గొప్ప పరిణామం.

అయినా ఒక లోటు అలాగే మిగిలింది. పులి అడుగుజాడలు తెలిసిన చెంచులు అటవీశాఖ కావలి పనుల్లో పాలుపంచుకొంటున్నారు. అదే చెంచులు అడవి నుంచి తరలిపోవాలన్న చర్చ కూడా సాగుతూనే ఉంది. నాడు పులిని తోలినవారు చిత్రంలో లేరు. నేడు పులిని కాచేవారికి చిత్రంలోనే కాక అడవిలో కూడా చోటు సందిగ్ధమవుతోంది. 'రక్షిత' ప్రాంతానికి, 'కాపు' కాసిన మనుషులకు మధ్య ఉన్న దూరం ఇక్కడ భాషాశాస్త్ర విషయంగా మిగలక జీవన్మరణ సమస్య అవుతుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. దీన్‌దయాళ్ చిత్రాల్లో రక్షణ ప్రధానంగా రక్షకుని ప్రతిష్ఠగా వ్యక్తమవుతుంది. పులివేటలోనూ కరువు సహాయంలోనూ చిత్రరచనాసూత్రం ఒకటే.

2. జెనానా స్టూడియో ఇందుకు పాక్షికమైన మినహాయింపు. అక్కడి రక్షణకు కొలమానం అది పొందిన స్త్రీకి దక్కిన వీలు. ఆ చిత్రాల పునర్ముద్రణలో పరిశోధకులు సంయమనం పాటించడం అవసరం.

3. బాధితుల చిత్రాలను చరిత్రపాఠాల్లో ఉపయోగించేటప్పుడు తీసినవారు, తీయించినవారు, తీసిన సందర్భం తెలిపే వ్యాఖ్య జతపరచాలి. వ్యాఖ్య లేని కరువుచిత్రం బాధితుణ్ణి రెండవసారి నమూనాగా మారుస్తుంది.

4. 'కాచు' ధాతువులోని ఓపిక, మెలకువ, సన్నిహితత్వం రక్షణను అంచనా వేయడానికి 'రక్షకుడు' అన్న బిరుదుకంటే మేలైన ప్రమాణాలు. ఆ ప్రమాణాలతో చూసినప్పుడు నెక్కొండ గ్రామీణులు, మూసీ ఒడ్డు చింతచెట్టు, నల్లమల చెంచులు రక్షణచరిత్రలో కేంద్రస్థానానికి వస్తారు. వారిని చట్రంలోకి తెచ్చే వ్యాఖ్యానం సమకూర్చడం తెలుగు పరిశోధన ముందున్న కర్తవ్యం.